ఏటి గొంతు – తొమ్మిదో భాగం: వణికే గీత

పెన్‌డ్రైవ్‌ని బల్ల మీదే వదిలేసి, చెప్పులేసుకుని, సత్యప్రియ వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయింది. పోయిన వారం అక్కడ ఆగాం.

ఆమె తల్లి దుర్గాదేవి. సత్యప్రియకి మూడేళ్లప్పుడు గోదాట్లో పోయిందని ఇంట్లో చెప్పారు. ఫోటో ఒక్కటి కూడా లేదు. ఈమధ్య కాకినాడలో ఉండే బాబాయి సత్యదుర్గారావు పెన్‌డ్రైవ్ ఒకటి పంపాడు. "మీ అమ్మ పాడిన పాటమ్మా. డెబ్బై ఎనిమిదిలో మీ ఇంటి అరుగు మీదే నేను టేపులో పట్టేను. ఇక్కడ స్టూడియోలో పెద్ద క్వాలిటీలో ఎక్కించేరు" అని ఫోన్లో చెప్పాడు. తండ్రి పోలిరాజు ఆ పాట విని, "ఇది మీయమ్మ గొంతు కాదు" అనేసి లేచిపోయాడు. బాబాయి ఔనంటాడు, నాన్న కాదంటాడు. నలభై ఏడేళ్లొచ్చాక మొదటిసారి చెవిన పడిన గొంతు తల్లిదో కాదో ఎవర్నడిగి తేల్చుకోవాలి? టేపుల సంగతి తెలిసిన ప్రభాకరరావు దగ్గరకి రాజోలు వచ్చింది. ఆయన కూతురు జాస్మిన్ ఫైలుని కంప్యూటర్లో పరీక్ష పెడితే తెర మీద ఎర్రక్షరాలు పడ్డాయి. నకిలీ. ఎమ్పీత్రీ నుంచి సాగదీసినది.

అంటే ఎక్కడో నెట్‌లో దొరికిన పాటకి ముసుగేసి బాబాయి పంపాడన్నమాట. సత్యప్రియ అలాగే అనుకుంది. అనుకుని వెళ్లిపోయింది.

*

రెండో శనివారం పొద్దున్న తొమ్మిది దాటాక ఎరువుల కొట్టు ముందు ఆటో ఆగింది. మేడ మీద కిటికీలోంచి ప్రభాకరరావు చూశాడు. ముందు సత్యప్రియ దిగింది. ఆ వెనక పోలిరాజు, ఆటో కమ్మీ పట్టుకుని, నేలని ఒకసారి పాదంతో తడిమి చూసుకుని దిగాడు. సఖినేటిపల్లి రేవులో నలభై ఏళ్లు పడవ నడిపిన మనిషి. గట్టు మీద కూడా అలాగే దిగుతాడు.

"డాడీ, పెద్దాయన్ని కూడా తీసుకొచ్చేరు," అంది జాస్మిన్.

"ఫ్యాను ఆపు. ఆ కుర్చీ ఇటు లాగు."

ప్రభాకరరావుది పాతికేళ్ల పాటు క్యాసెట్ల మీద నడిచిన కొట్టు. గుడిపాటలు, చర్చిపాటలు, పెళ్లి సన్నాయిలు, ఏది కావాలంటే అది పట్టి ఇచ్చేవాడు. క్యాసెట్లు పోయాక చర్చిలకి పాటలు రికార్డు చేస్తున్నాడు. గది గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి. మూలన రెండు పాత టేపు మిషన్లు గుడ్డ కప్పుకుని కూర్చున్నాయి. వారం రోజులుగా ఆయనకి అన్నం సయించలేదు. చెవి టేపు అని చెప్పింది. కంప్యూటరు కాదంది. చెవినే నమ్మి ముప్పై ఏళ్లు బతికిన మనిషికి ఆ మాట మింగుడు పడలేదు. అందుకే తనే ఫోన్ చేసి రమ్మన్నాడు.

పోలిరాజు గుమ్మంలో ఆగి లోపలికి చూశాడు. "కోళ్లేవండీ ప్రభాకరం గారూ? గూళ్లు మాత్రం కట్టేరు."

"ఆయ్, కోళ్లు పాటలు పాడుకుంటూ ఎగిరిపోయేయండి. రండి, ఇలా కూర్చోండి."

ముసలాయన నవ్వలేదు గాని మొహం కొంచెం వదులైంది. కుర్చీ అంచున కూర్చుని తువ్వాలు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇవాల్టితో ఈ గోల సరి అంది మా అమ్మాయి. అందుకొచ్చేను. పన్నెండు గంటల బస్సు అందుకోవాలి."

"గోల ఎవరు చేస్తున్నారు నాన్నా," అంది సత్యప్రియ. అంగన్‌వాడీలో పిల్లల్ని ఊరుకోబెట్టే గొంతు ఆమెది. పెద్దది చెయ్యదు. "అన్నయ్యగారూ, పోయినవారం కంప్యూటరే చెప్పేసిందిగదండీ. మళ్లీ ఏంటని?"

"ఒక కంప్యూటరు కాదమ్మా. అందులో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ చెప్పింది. ఇంకో రెండు ఉన్నాయి. వాటిని కూడా అడిగేం."

"అవేం చెప్పేయి?"

"ఒకదాన్ని చూస్తే టేపే అనిపిస్తోంది. ఒకటి వేరే సంగతి చెప్పింది."

"బాగుంది," అన్నాడు పోలిరాజు. "ముగ్గురు పెద్దమనుషులు, మూడు తీర్పులూనా. మా పేటలో పంచాయితీ నయం."

జాస్మిన్ నవ్వేసింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. కాలేజీలో కంప్యూటరు ల్యాబు చూస్తుంది. ఆ మూడింటికీ తనే పేర్లు పెట్టింది. "చూడండి తాతగారూ. ఇది జడ్జిగారు. ఇది ఫోటోగ్రాఫరు. ఇది కంసాలి."

తెర మీద ఒక బొమ్మ లేచింది. నల్లటి పలక, కింద నారింజరంగు మంట.

"ఎడం నుంచి కుడికి టైము నడుస్తుందండి," అని చెప్పసాగింది. "కింద నుంచి పైకి శబ్దం సన్నబడుతుంది. డోలు కింద పడుతుంది. గజ్జె పైన పడుతుంది. ఎక్కడ శబ్దం ఉంటే అక్కడ రంగు. బాబాయిగారు ఎక్కించిన ఫైలు పెద్దది. నలభై ఎనిమిది వేల హెర్ట్జ్ దాకా ఖాళీ ఉంది. పాట మాత్రం పదిహేను వేల దగ్గరే ఆగిపోయింది."

"అంటే?"

"మూడంతస్తుల మేడ కట్టి కింద అంతస్తులోనే కాపురం ఉన్నట్టు. జడ్జిగారు అది చూసేరు. పై అంతస్తులు ఖాళీగా ఉన్నాయంటే ఇది చిన్న పాటని తెచ్చి పెద్ద మేడలో పెట్టేరు, దొంగ సరుకు, అని ముద్ర కొట్టేసేరు. ఆయన పాట వినడు. మేడ ఎత్తు చూస్తాడంతే."

"పాత టేపుల్లో పై అంతస్తులు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయమ్మా," అన్నాడు ప్రభాకరరావు. "ఆ రోజుల్లో మిషను అంతకన్నా పైకి పట్టలేదు. ఆ సంగతి జడ్జిగారికి తెలీదు. కొత్త సరుకు చూసి నేర్చుకున్నాడు."

సత్యప్రియ కుర్చీలో ముందుకి జరిగింది.

జాస్మిన్ తెరని రెండు ముక్కలు చేసింది. ఎడమవైపు చర్చి పాట ఒకటి, సెల్‌ఫోన్లలో తిరిగే ఎమ్పీత్రీ. కుడివైపు పెన్‌డ్రైవ్ పాట. "ఇవి ఫోటోగ్రాఫరు గీసినవి. తీర్పు చెప్పదు. బొమ్మ గీసిచ్చి ఊరుకుంటుంది. మనమే చూసుకోవాలి."

ఎడమ బొమ్మలో రంగు ఒకచోట దాకా వచ్చి, కత్తితో కోసినట్టు ఆగిపోయింది. పైన ఒట్టి నలుపు. కుడి బొమ్మలో రంగు పైకి పోయేకొద్దీ పలచబడి, పలచబడి, ఎక్కడ ఆగిందో తెలీకుండా నలుపులో కలిసిపోయింది.

ఎవరూ మాట్లాడకముందే పోలిరాజు వేలు చాపాడు. వేలి కణుపుల మీద తాడు ఒరుసుకుపోయిన మచ్చలున్నాయి.

"ఇది మనిషి తవ్విన గట్టు," అన్నాడు ఎడమవైపు చూపించి. వేలు కుడివైపుకి జరిగింది. "ఇది ఏరు తీసిన గట్టు."

ప్రభాకరరావు ఆయన వంక కాసేపు చూశాడు. వారం రోజులు కూతురితో వాదించి తేల్చుకున్న సంగతి ఈయన ఒక్క చూపులో చెప్పాడు. "అంతేనండి. ఎమ్పీత్రీ చేసేటప్పుడు మిషను పైభాగం కోసి పారేస్తుంది. కోత తెలుస్తుంది. దీనికి కోత లేదు. టేపు మీద ఉండే హుష్ మన్న చప్పుడు ఇలాగే వాలుగా దిగుతుంది. ఇది టేపునుంచి ఎక్కించిందే. మీ తమ్ముడు దొంగ సరుకు పంపలేదు."

పోలిరాజు వేలు వెనక్కి తీసుకున్నాడు. తను ఎవరి పక్షాన సాక్ష్యం చెప్పాడో అప్పుడు తెలిసినట్టుంది. తువ్వాలు మడత విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"టేపే అయ్యుండొచ్చు," అన్నాడు. "గొంతు మాత్రం దానిది కాదు. అది మగరాయుడి గొంతు. మీయమ్మది అలా ఉండదు."

సత్యప్రియ తండ్రి వంక తిరగలేదు. తెరనే చూస్తోంది. "మూడోది వేరే సంగతి చెప్పిందన్నారు."

"కంసాలి," అంది జాస్మిన్. "ఇది అన్నిటికంటే నెమ్మది. మిగతా రెండూ దూరంనుంచి చూస్తాయి. ఇందులో మనకి కావాల్సిన చోట అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. డాడీకి ఇదే నచ్చింది. ఆయన కూడా నెమ్మదే."

"నోరు మూసుకుని పెద్దది చెయ్యి."

బొమ్మ పైభాగం దగ్గరకి వచ్చింది. పదిహేను వేలకి కొంచెం కింద, పాట మొదలు నుంచి చివరిదాకా ఒక సన్నటి గీత. పాటతో దానికి పని లేదు. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు కూడా అది ఆగలేదు.

"ఫోటోగ్రాఫరు బొమ్మలో కూడా ఇది ఉంది. లావుగా, మసగ్గా ఉంటే టేపు తప్పనుకున్నాం," అన్నాడు ప్రభాకరరావు. "నాకు వినపడదండి. ఈ వయసుకి అంత సన్నం చెవికి అందదు. మా అమ్మాయికి వినపడింది."

"చెవిలో సూది పెట్టినట్టు," అంది జాస్మిన్. "పాట ఆపితే అదీ ఆగిపోతుంది."

"అది టీవీ," అన్నాడు ప్రభాకరరావు.

కింద కొట్లో ఎవరో బస్తా దింపారు.

"పాత డబ్బా టీవీలు గుర్తున్నాయా? బొమ్మ గీసేటప్పుడు ఆ గొట్టం లోపల సన్నగా కూత వేసేది. మా కుర్రాళ్లకి రోడ్డు మీదనుంచే తెలిసిపోయేది, ఏ ఇంట్లో టీవీ వేసేరో. ఎవరైనా వచ్చి మాట్లాడుతుంటే టీవీ ఆపేవారు కాదు. ఆపి మళ్లీ వేస్తే పిక్చర్ ట్యూబ్ పోతుందని భయం. సౌండు మాత్రం తగ్గించి బొమ్మ అలా ఆడనిచ్చేవారు. పాట పట్టిన రోజు కూడా అలాగే చేసుంటారు. సౌండు తగ్గించేం, టీవీ నోరు మూసుకుందనుకున్నారు. ఇదిగో, ఇది మూసుకోలేదు."

"కాకినాడ స్టూడియోలో టీవీ ఉందేమో," అన్నాడు పోలిరాజు. చప్పున అన్నాడు.

"నేనూ అదే అనుకున్నానండి. జాస్మిన్, ఇంకా దగ్గరకి తియ్యి."

గీత పెద్దదైంది. దూరానికి తిన్నగా కనిపించింది కాస్తా, దగ్గరకి వచ్చేసరికి అలలు అలలుగా ఉంది. పైకి, కిందకి, మళ్లీ పైకి.

"ఎక్కించేటప్పుడు పక్కన టీవీ ఉండి పడిందనుకోండి, స్కేలు పెట్టి గీసినట్టుండాలి. కంప్యూటరు వణకదు. వణికేది టేపు. దాని రబ్బరు బెల్టు, దాని చక్రాలు. ఆమె పాట సాగదీసిన చోట, ఇదిగో చూడండి, గొంతు కూడా గీతతో పాటే వణుకుతోంది. రెండూ ఒకే టేపు మీద కూర్చుని వచ్చేయి. ఆమె పాడిన చోటే టీవీ ఉంది."

పోలిరాజు తెర మీంచి కళ్లు తిప్పుకున్నాడు. ప్రభాకరరావు మాత్రం ఆపలేదు.

"ఇంకోటి. టీవీ కూత ఇంత ఉండాలని లెక్క ఉంది. పదిహేను వేల ఆరు వందల ఇరవై అయిదు. ఆ లెక్క స్టేషనువాళ్లు పంపేది. మన కరెంటుతో పని లేదు. ఇక్కడ చూస్తే పద్నాలుగు వేల తొమ్మిది వందలే ఉంది. ఎందుకని?"

"మీరే చెప్పాలండి," అంది సత్యప్రియ.

"కాకినాడలో టేపు తిప్పిన మిషనుకి బెల్టు సాగిపోయింది. నూటికి ఐదు పాళ్లు నెమ్మదిగా తిరిగింది. అన్నీ కిందకి దిగేయి. టీవీ కూతా దిగింది, గొంతూ దిగింది. హార్మోనియం మీద దాదాపు ఒక మెట్టు." ఆయన ముసలాయన వైపు తిరిగాడు. "మీరు అబద్ధం చెప్పలేదండి పోలిరాజు గారూ. మీరు విన్నది ఆవిడ గొంతు కాదు. సాగిన బెల్టు గొంతు."

సత్యప్రియ అప్పుడు తండ్రి వంక చూసింది. వారం రోజులుగా చూసిన చూపు కాదది. ఒక మెట్టు తేడాకి మనిషిని తప్పు పట్టానే అన్నట్టుంది.

"సరిచేసేరా?" అంది.

"గీతని దాని చోట్లోకి ఎత్తేం. దానితో పాటు పాట కూడా లేచింది. మేం ఇంకా పూర్తిగా వినలేదమ్మా. మీరు రాకుండా వినడం మర్యాద కాదనిపించింది."

ఆయన లేచి కిటికీ తలుపులు దగ్గరకి వేశాడు. జాస్మిన్ మీట నొక్కింది.

ముందు హుష్ మన్న చప్పుడు. ఎవరో గొంతు సవరించుకున్నారు. తరవాత, ఏ వాయిద్యమూ లేకుండా, ఒక ఆడమనిషి.

*తూరుపు గాలే తిరిగింది*
*తెరచాప దించరా మావా*
*పోటెక్కే యేళ దాటింది*
*పొయ్యి మీద బువ్వ పొంగింది*

సన్నటి గొంతు. చివరి మాట దగ్గర కొంచెం విరిచి వదిలేసే గొంతు. వయసు ఇంతని చెప్పడం కష్టం గాని, ముసలిది కాదు. పోయిన వారం విన్న బరువు దీనిలో లేదు.

ప్రభాకరరావు తెరని చూడలేదు. పోలిరాజు పాదాల్ని చూశాడు. మొదటి చరణంలో అవి కదలలేదు. రెండో చరణంలో కుడిపాదం బొటనవేలు నేలని నొక్కింది. వదిలింది. మళ్లీ నొక్కింది. గెడ వేసేవాడు పడవ బల్ల మీద కాలు తన్నిపెట్టినట్టు, సరిగ్గా పాట విరుపు దగ్గర.

పాట అయిపోయింది.

"మళ్లీ ఎయ్యి," అన్నాడు.

జాస్మిన్ మళ్లీ వేసింది. ఈసారి ఆయన కళ్లు మూసుకున్నాడు. 'మావా' అన్న చోట పెదవులు కదిలాయి.

"అదే," అన్నాడు అయిపోయాక. "దానిదే గొంతు."

సత్యప్రియ ఏడవలేదు. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్పీకరు దగ్గరకి వెళ్లి, దాని మీద అరచెయ్యి ఆనించింది. పాట ఆగిపోయి చాలాసేపైంది. అయినా అలాగే ఉంచింది. చూలాలి పొట్ట మీద చెయ్యి వేసినట్టు నెమ్మదిగా. జాస్మిన్ మొహం తిప్పుకుని మౌస్‌తో ఉత్తినే ఆడుకుంది.

"మా అమ్మ మావా అని పిలిచేదా నిన్ను?"

"పిలిచేది."

"నన్నేమని పిలిచేది?"

పోలిరాజు తల ఒంచుకున్నాడు. "బుల్లీ అనేది."

ఊహ తెలిశాక ఎవరూ ఆమెని అలా పిలవలేదు. సత్యప్రియ ఆ మాటని పెదవుల మీదే ఒకసారి అనుకుంది.

అక్కడితో ఆగితే బాగుండునని ప్రభాకరరావుకి అనిపించింది. ఆయనకి ముందే తట్టిన సంగతి ఒకటుంది. రెండు రోజులుగా దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక లోపలే ఉంచుకున్నాడు. వచ్చినావిడకి కావాల్సింది దొరికింది. తల్లి గొంతని తండ్రి నోటితోనే తేలింది. టీ తెప్పించి పంపేస్తే సరిపోయేది.

ఆయన ఆలోచనలోనే ఉన్నాడు. జాస్మిన్ అనేసింది.

"అవును గాని డాడీ, డెబ్బై ఎనిమిదిలో సఖినేటిపల్లిలో టీవీ ఎక్కడిది?"

స్పీకరు మీద చెయ్యి అలాగే ఉంది. వేళ్లు మాత్రం ముడుచుకున్నాయి.

"అప్పుడు లేదా అన్నయ్యగారూ?"

ప్రభాకరరావు అబద్ధం ఆడలేడు. ఆడాలని చూసినా ఆయన మొహం ఒప్పుకోదు. "నాకు తెలిసి లేదమ్మా. రాజోలు బజార్లో మొదటి టీవీ మా కళ్ల ముందే దిగింది. నేను డిగ్రీ చదువుతున్నా. ఎనభై అయిదు. లేకపోతే ఆరు. కిటికీ ఊచలు పట్టుకుని చూసేం. అంతకుముందు మన లంకల్లో ఏ ఇంట్లోనూ చూళ్లేదు."

సత్యప్రియ లెక్క కట్టుకుంది. పైకి చెప్పలేదు. కట్టుకుంటున్నట్టు ఆమె చూపు చెప్పింది. తను పుట్టింది డెబ్బై ఏడులో. తల్లి పోయిందన్నది ఎనభైలో. పాట పట్టింది ఎనభై అయిదుకి ఇవతల.

"ఎల్దాం పద. బస్సు తప్పిపోద్ది." పోలిరాజు లేచాడు.

"బస్సు అరగంటకి ఒకటుంది. కూర్చో నాన్నా."

"ఆ గీత టీవీ కాదేమో. ఇంకేదో పురుగు కూత అయ్యుంటది. మిషనుకేం తెలుసు."

"గొంతు సరిచేసింది ఆ గీతే. అది టీవీ కాకపోతే గొంతు నువ్వు పోల్చుకునేవాడివి కాదు." ఆమె ఇంకా గొంతు పెంచలేదు. "గీత తప్పైతే గొంతూ తప్పే. ఏది తప్పో నువ్వే చెప్పు."

ముసలాయన నిలబడే ఉన్నాడు. కూర్చోలేదు, గుమ్మం వైపు నడవనూ లేదు.

ఆయన్ని ఆ ఇరకాటంలోంచి తప్పించాలనుకున్నాడు ప్రభాకరరావు. మాట మార్చబోయి ఇంకో మాట ఎత్తాడు. ఆ తరవాత చాలారోజులు తనని తాను తిట్టుకున్న మాట. "ఒకటి మాత్రం మాకూ అంతు పట్టలేదండి. పాట వెనకాల ఏదో చప్పుడుంది. అద్దం ఒకలా పెడితే గీతలు అడ్డంగా తెలుస్తాయి. ఇంకోలా పెడితే నిలువుగా తెలుస్తాయి. జాస్మిన్, చూపించు."

కంసాలి బొమ్మ మారింది. వణికే గీత చెదిరి మసకైంది. దానికి బదులు కింద నిలువుగా పుల్లలు పాతినట్టు గీతలు లేచాయి. సమంగా, వరసగా, జంటలు జంటలుగా.

"గొంతు తీసేసి అది ఒక్కటే వినిపిస్తాను," అంది జాస్మిన్. "నేను నీళ్ల మోటారన్నాను. డాడీ రోకలి అన్నారు."

గొంతు పోయింది. దూరంగా, గోడ అవతల ఉన్నట్టు, టక టక్. కొంచెం ఆగి, టక టక్. ఆగి, టక టక్.

"మోటారు కాదు, రోకలీ కాదు," అన్నాడు పోలిరాజు. "మగ్గం."

అనేశాక ఆయన నోరు మూసుకున్నాడు. చెయ్యి ఎత్తి మీసాల మీద పెట్టుకున్నాడు, వచ్చిన మాటని లోపలికి తోసుకోవాలన్నట్టు.

చప్పుడు ఇంకా ఆడుతోంది. జాస్మిన్ ఆపడం మరిచిపోయింది. ప్రభాకరరావే ఒంగి మీట నొక్కాడు.

"మన ఇంట్లో మగ్గం లేదు," అంది సత్యప్రియ.

"లేదు."

"మన పేటలోనే లేదు. అక్కడంతా వలలూ పడవలూ. అరుగు మీద పట్టేనన్నాడు బాబాయి."

"వాడికేం తెలుసు."

"నీకెలా తెలుసు? మగ్గం చప్పుడు రెండు దెబ్బలకే పోల్చుకున్నావు. అన్నయ్యగారు ఇన్నేళ్లు శబ్దాలతో బతికేరు. ఆయనకే తెలీలేదు."

"ఇన్నాను."

"ఎక్కడ?"

పోలిరాజు కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి అంచున కాదు. వెనక్కి ఆనుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కూలబడ్డట్టు కూర్చున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లూ ఒక్కసారి మీద పడ్డాయి.

జాస్మిన్ లేచి మంచినీళ్ల గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

సత్యప్రియ స్టూలు లాక్కుని తండ్రికి ఎదురుగా, మోకాళ్లు మోకాళ్లకి తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"పెద్దలకి బట్టలు పెట్టినప్పుడల్లా తాతకి పెడతాం, మామ్మకి పెడతాం. కడుపులోనే పోయిన నా తమ్ముడికి కూడా చిన్న జుబ్బా పెడతాం. అమ్మకి చీర పెడతానంటే మాత్రం ఏ ఏడూ నువ్వు పెట్టనివ్వలేదు. ఏట్లో పోయినోళ్లకి పెట్టకూడదన్నావు. పెద్దయ్యాక పేటలో అడిగేను. అలాంటి ఆచారం ఎవరికీ లేదు. నీకు బాధని ఊరుకున్నాను." ఆమె ఆగింది. "నీకు బాధనే అనుకున్నాను నాన్నా."

కింద ఎరువుల కొట్టువాడు ఎవరితోనో బేరమాడుతున్నాడు. లారీ ఒకటి రివర్సు తీసుకుంటూ కూత పెట్టి, ఆగిపోయింది.

ప్రభాకరరావు కూతురికి కళ్లతో సైగ చేశాడు. ఇద్దరూ లేవబోయారు.

"కూర్చోండి ప్రభాకరం గారూ," అన్నాడు పోలిరాజు తలెత్తకుండా. "మీరు ఎత్తిన గీతేగదా. మీరూ ఇనండి."

వాళ్లు ఆగిపోయారు.

సత్యప్రియ తండ్రి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. అవి చల్లగా ఉన్నాయి.

"అమ్మ ఎప్పుడు పోయింది?"

ఆయన ఆమె వేళ్లని ఒక్కొక్కటిగా చూశాడు, అవి ఎవరి వేళ్లలా ఉన్నాయో ఇన్నేళ్ల తరవాత తేల్చుకుంటున్నట్టు. అప్పుడు మాట్లాడాడు. గొంతు మామూలుగానే ఉంది. రేవులో ఎవరికో దారి చెప్పినట్టుంది.

"పోలేదు బుల్లీ. మొన్న శుక్రవారం కూడా చూసొచ్చేను."